దున్నదూడ ఎక్కడికి పోతుంది? పాల వెనక ఉన్న నీతి ప్రశ్నలు

పాడి పశువుల మీద మన దగ్గర జరిగే వాదన తరచూ ఆవు దగ్గర మొదలై ఆవు దగ్గరే ఆగిపోతుంది. బక్రీద్ దగ్గరపడితే పశువుల లారీల తనిఖీలు వార్తలకెక్కుతాయి. వానాకాలంలో రహదారి మీద పడుకున్న పశువును వాహనం గుద్దితే దాని యజమాని ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఆడదూడలే పుట్టేలా చేసే వీర్యం గురించి పశువైద్యశాలలో చెబితే అది ప్రకృతికి విరుద్ధం కాదా అని కొందరు సందేహిస్తారు. వేరువేరు సంగతులుగా కనిపించే ఈ మూడింటి మూలం ఒక్కటే. పశువు పాలివ్వాలంటే ముందు ఈనాలి, పుట్టే దూడల్లో దాదాపు సగం మగవి, పాలిచ్చిన తల్లి కూడా ఒకనాటికి వట్టిపోతుంది. ఆ మగదూడకు, వట్టిపోయిన ఆ తల్లికి మనం ఏం బాకీ ఉన్నామన్నదే అసలు ప్రశ్న. కోస్తాలో గేదె అన్నా, తెలంగాణలో బర్రె అన్నా, సీమలో ఎనుము అన్నా ఆ జంతువు దగ్గర ఈ ప్రశ్న మరింత సూటిగా నిలబడుతుంది. ఆవుకున్న పవిత్రత గేదెకు లేదు కాబట్టి దాని విషయంలో భక్తి అడ్డు రాకుండా నీతిని నీతిగా చూడవచ్చు.

## ఈనితేనే పాలు

గేదె చూలు సుమారు 310 రోజులు, ఆవు చూలు సుమారు 280 రోజులు. ఈనిన గేదె దాదాపు పది నెలలు పాలిస్తుంది. ఆ పాలు నెలనెలా తగ్గుతూ చివరకు నిలిచిపోతాయి, దాన్నే వట్టిపోవడం అంటారు. మళ్లీ పాలు కావాలంటే మళ్లీ ఎదకు రావాలి, చూడి కట్టాలి, ఈనాలి. గేదెల్లో మూగ ఎద (పైకి లక్షణాలు కనబడని ఎద) ఎక్కువ కాబట్టి, ఎండాకాలంలో ఎద సరిగా బయటపడదు కాబట్టి, ఈతకూ ఈతకూ మధ్య ఏడాదిన్నర దాకా పట్టడం ఊళ్లలో మామూలే. గేదె పాడిలో ఉన్నంతకాలం దూడలు పుడుతూనే ఉంటాయని, దూడ పుట్టకుండా పాలు రావడం సాధారణంగా జరగదని పట్నంలో పెరిగిన చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

ఒకప్పుడు మగదూడకు పని ఉండేది. కోడెదూడ ఎద్దయి అరక లాగేది, దున్నపోతు వరిమడిలో దమ్ము చేసేది, బండి కట్టేది. ట్రాక్టరు వచ్చాక ఆ పని పోయింది. గేదెలను పొర్లించడానికి, అంటే దున్నతో కలిపి చూడి కట్టించడానికి, ఊరికో దున్న సరిపోయేది. కృత్రిమ గర్భధారణ వచ్చాక మేలుజాతి దున్న ఒక్కదాని నుంచే ఏడాదికి వేల మోతాదుల వీర్యం తీస్తున్నారు కాబట్టి ఆ అవసరమూ తగ్గింది. గేదెకు పుట్టే మగదూడ, అంటే దున్నదూడ, పుట్టుక ఆగలేదు గానీ, పెరిగి పెద్దయ్యాక అది ఉండవలసిన చోటు మాత్రం పోయింది.

## తెల్లవారుజామున కొట్టంలో

పాలు తీసే వేళ కొట్టంలో కాసేపు నిలబడి చూసినవారికి ఈ విషయం వివరించనక్కరలేదు. పలుపు విప్పగానే దూడ తల్లి దగ్గరకు పరుగెత్తి పొదుగును తలతో కుమ్ముతుంది, నాలుగు చన్నులూ మార్చి మార్చి చీకుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో గేదె చేపుతుంది, చన్నులు నిండి బిగుస్తాయి, దూడ మూతి చుట్టూ తెల్లటి నురగ కనబడుతుంది. అప్పుడు దూడను లాగి తల్లి ముందుకాలి దగ్గర కట్టేస్తారు. తల్లి దాని వీపు నాకుతూ కదలకుండా నిలబడితే పితికేవారు బకెట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకుని పని మొదలుపెడతారు. మా బంధువుల కొట్టంలో ఒక అలవాటు చూశాను: పెయ్యదూడ (ఆడదూడ) ఉంటే చివరి చన్ను పిండకుండా వదిలేవారు, దున్నదూడ ఉంటే నాలుగూ పిండాక విప్పేవారు. ఎవరూ దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ రెండు దూడల వీపులు మూడో నెలకు ఒకదానితో ఒకటి పోల్చలేనట్టు ఉండేవి.

చేపు అనేది గేదె ఇష్టాయిష్టాల మీద నడిచేది కాదు. దూడ చీకినప్పుడు తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పొదుగులో చేరి పాలను చన్నుల్లోకి నెడుతుంది. దూడ చనిపోతే చాలా గేదెలు చేపవు. అందుకే చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టే పాత పద్ధతి ఒకటుంది. అంతకన్నా తేలికైన పద్ధతిగా ఆక్సిటోసిన్ సూది వచ్చింది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 12వ సెక్షన్, పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హానిచేసే సూదులు వేయడాన్ని నేరంగా పరిగణించి 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. 2018లో కేంద్రం ఈ మందు తయారీ నుంచి ప్రైవేటు కంపెనీలను తప్పిస్తే, కాన్పు తరువాత రక్తస్రావమైన తల్లులను కాపాడేది కూడా ఇదే మందు కాబట్టి కొరత వస్తుందన్న వాదన ముందుకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. దూడ బతికి ఉంటే సూది అవసరం సాధారణంగా రాదు. దూడను పట్టించుకోకపోవడం, తల్లికి సూది పొడవడం ఒకే గొలుసులోని రెండు కడియాలు.

## జున్నుపాలు ముందు ఎవరికి?

గేదె ఈనిందంటే చుట్టుపక్కల ఇళ్లకు జున్నుపాలు పంచడం మనకు ముచ్చటైన ఆచారం. ఆ జున్నులో బెల్లం, మిరియం, యాలకులు పడితే ఎలా ఉంటుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. కానీ ఇక్కడ ఒక శరీరధర్మ రహస్యం ఉంది. మనుషుల్లో తల్లి రక్తంలోని రోగనిరోధక ప్రతిరక్షకాలు గర్భంలో ఉండగానే బిడ్డకు అందుతాయి. గేదె, ఆవు వంటి నెమరువేసే జంతువుల మాయ గుండా అవి దాటవు. దూడ దాదాపు ఏ రక్షణా లేకుండా పుట్టి, మొదటి రోజు తాగే ముర్రుపాలతోనే దాన్ని పొందుతుంది. ఆ ప్రతిరక్షకాలను పేగు యథాతథంగా పీల్చుకోగలిగేది కూడా మొదటి 24 గంటల్లోనే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. 30 కిలోల బరువుతో పుట్టిన దూడకు శరీరబరువులో పదో వంతు చొప్పున మొదటి రోజు సుమారు 3 లీటర్లు పట్టాలి.

కాబట్టి జున్ను తినడం దొంగతనమా అన్న ప్రశ్నకు సమాధానం వేళను బట్టి మారుతుంది. ఈనిన గేదె ఇచ్చే ముర్రుపాలు చాలాసార్లు దూడ తాగగలిగిన దానికన్నా ఎక్కువే ఉంటాయి. దూడ కడుపునిండా తాగాక మిగిలిన దానితో జున్ను వండితే దూడకు నష్టం లేదు. మాయ పడేదాకా దూడను వదలకూడదన్న నమ్మకంతో గంటల తరబడి కట్టేసి ఉంచితే మాత్రం ఆ దూడకు తిరిగిరాని నష్టం జరుగుతుంది. పైగా దూడ చీకినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికి తోడ్పడుతుంది, అంటే ఆ నమ్మకం తల్లికి కూడా మేలు చేయదు. ఇలాంటిదే ఏలికపాముల సంగతి. గేదెదూడలకు ఇవి తల్లిపాల ద్వారానే సంక్రమిస్తాయి కాబట్టి పుట్టిన 10 రోజులకే నట్టల మందు పట్టమని పశువైద్యులు చెబుతారు. ఆ మందు ఖర్చు స్వల్పం. అయినా దున్నదూడకు ఎందుకులే అని ఊరుకునే ఇళ్లలో, పొట్ట ఉబ్బి మట్టిరంగు పారుతూ చనిపోయే దూడలు ఎక్కువగా మగవే.

## ఆకలికి ధర కట్టి చూస్తే

రైతును నిందించే ముందు లెక్క చూడటం న్యాయం. రెండు గేదెలున్న ఒక ఇంటిని ఊహించుకుందాం. గేదె పూటకు 3 లీటర్ల చొప్పున రోజుకు 6 లీటర్లు ఇస్తుందని, లీటరుకు 60 రూపాయలు వస్తాయని అనుకుందాం. దూడకు మొదటి రెండు నెలలు రోజుకు 3 లీటర్లు వదిలితే 60 రోజులకు 180 లీటర్లు, అంటే 10,800 రూపాయలు. రోజుకు ఒక్క లీటరే వదిలితే 3,600 రూపాయలు. తేడా 7,200. పుట్టింది పెయ్యదూడ అయితే ఆ 7,200 పెట్టుబడి, ఎందుకంటే మూడున్నర నాలుగేళ్లకు అది పడ్డ (ఈతకు ఎదిగిన గేదె) అయి, తొలి ఈత ఈని ఇంటి ఆస్తిలో కలుస్తుంది. దున్నదూడ అయితే ఆ డబ్బు తిరిగి రావడానికి మాంసం తప్ప మరో దారి లేదు. ఆ దారి కూడా మూసుకుపోయిన చోట రైతు ముందు మిగిలేవి రెండే: నష్టానికి పెంచడం, లేదా పాలు తగ్గించి కాలానికి వదిలేయడం.

పాలకేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. దూడ తాగిందా లేదా అని చూసే యంత్రం అక్కడ లేదు, చూడమని అడిగే వినియోగదారుడూ లేడు. 2023-24లో దేశంలో 23.93 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తయ్యాయి. ప్రపంచంలో మొదటి స్థానం మనదే. ఆ గర్వంలో చిన్న రైతు శ్రమకు పెద్ద భాగం ఉంది. దూడను పెంచే ఖర్చు పాల ధరలో కలవనప్పుడు ఆ భారాన్ని ఎవరో ఒకరు మోయాలి, ఇంట్లో అందరికన్నా బలహీనమైన ప్రాణి మీదకే అది జారుతోంది. దీన్ని క్రూరత్వం అని పిలవడం తేలిక. నా దృష్టిలో ఇది ముందుగా ధర లోపం, క్రూరత్వం దాని ఫలితం.

## జనాభా లెక్కల్లో ఖాళీ

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో గేదెజాతి పశువులు 10.98 కోట్లు. వాటిలో ఆడవి దాదాపు 10.06 కోట్లు, మగవి 93 లక్షలు. పుట్టుకలో సగం సగం ఉండాల్సిన జాతిలో దాదాపు పదకొండు ఆడవాటికి ఒక్క మగ మాత్రమే ఉంది. ఆవుజాతిలో ఆడవి 14.51 కోట్లు, మగవి 4.74 కోట్లు. ఈ తేడా మొత్తాన్నీ ఆకలిచావుల కింద రాయడం తప్పు అవుతుంది. గేదెజాతి మగపశువుల్లో చాలా వాటిని మాంసానికి పెంచి అమ్ముతారు, గేదెమాంసం మన దేశం ఎగుమతి చేసే వస్తువుల్లో ఒకటి. పుట్టిన నెలల్లోనే చనిపోయినవెన్నో, ఒకటి రెండేళ్లు బతికి కబేళాకు వెళ్లినవెన్నో ఈ అంకెలు విడదీసి చెప్పవు.

అదే గణనలో వీధిపశువులు 50 లక్షలకు పైగా తేలాయి. గేదెకూ ఆవుకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. వట్టిపోయిన గేదెకు సంతలో బేరగాడు ఉంటాడు, అది కనుమరుగవుతుంది. వట్టిపోయిన ఆవుకు చాలా రాష్ట్రాల్లో చట్టపరమైన కొనుగోలుదారు లేడు, కాబట్టి అది రోడ్డు మీద కనిపిస్తుంది. బాధ రెండు చోట్లా ఉన్నా ఒకటి మన కంట పడుతుంది, మరొకటి పడదు.

## చట్టం గీసిన గీతలు

రాజ్యాంగంలోని 48వ అధికరణం ఆవులు, దూడలు, ఇతర పాడి, అరక పశువుల వధను నిషేధించే దిశగా రాజ్యం చర్యలు తీసుకోవాలంటుంది. 1976లో 42వ సవరణతో చేరిన 51ఎ(జి) సకల ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుడి విధి అంటుంది. ఈ రెంటి మధ్య ఒక సూక్ష్మమైన తేడా ఉంది: మొదటిది చంపకూడదంటోంది, రెండోది బాధ పెట్టకూడదంటోంది. చంపకుండానే బాధ పెట్టవచ్చు కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ ఒకే దారిలో నడవవు.

1958లో మహమ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కును నేరుగా ఎదుర్కొంది. అన్ని వయసుల ఆవుల వధ మీద, ఆవుదూడలు, గేదెదూడల వధ మీద సంపూర్ణ నిషేధం చెల్లుతుందని, అయితే పాలకు గానీ పనికి గానీ పొర్లించడానికి గానీ పనికిరాకుండా పోయిన గేదెలు, ఎద్దుల మీద అలాంటి నిషేధం చెల్లదని అప్పుడు తీర్పు చెప్పింది. పనికిరాని పశువులు మేత తినేస్తే పనికొచ్చేవాటికి మేత ఉండదన్నది నాటి తర్కం. 2005లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పేడ, మూత్రం కూడా ఉపయోగమే కాబట్టి ఎద్దు ఎప్పటికీ పనికిరానిది కాదంటూ గుజరాత్ విధించిన సంపూర్ణ నిషేధాన్ని సమర్థించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ఆవుల వధను నిషేధించి, ఎద్దులు, గేదెల విషయంలో ధ్రువపత్రం ఉంటే అనుమతిస్తుంది.

ఇక ఆకలి సంగతి. క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువుకు సరిపడా మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరమే, ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడమూ నేరమే. మొదటిసారి తప్పుకు శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. దశాబ్దాల కిందట రాసిన ఆ అంకె ఏళ్లు గడిచినా అలాగే నిలిచిపోయింది. దూడను కోస్తే జైలు, ఆకలితో ఎండగడితే యాభై రూపాయలు. చట్టం దేన్ని పెద్ద తప్పుగా చూస్తుందో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

2017 మేలో కేంద్రం పశువుల సంతల్లో గేదెలు సహా పశువులను వధ కోసం అమ్మకూడదని నిబంధనలు తెచ్చింది. క్రూరమైన రవాణాను ఆపడం లక్ష్యమని ప్రభుత్వం చెప్పింది. వట్టిపోయిన గేదె అమ్మకపు ధరతోనే పాడిగేదె కొనే రైతు చేతిలో సొమ్ము లేకుండా పోతుందని విమర్శకులు అన్నారు. మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ ఇచ్చిన స్టేను జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తింపజేసింది.

## చంపడమా, చావనివ్వడమా

నీతిపరంగా ఇక్కడ ఢీకొంటున్న వాదాల్లో మొదటిది సంక్షేమవాదం. జంతువును వాడుకోవడం తప్పు కాదు, అనవసరంగా బాధ పెట్టడం తప్పు అన్నది దాని సారం. 1965లో బ్రిటన్‌లో పెంపక జంతువుల సంక్షేమంపై బ్రాంబెల్ సంఘం ఇచ్చిన నివేదిక నుంచి ఎదిగిన ఐదు స్వేచ్ఛల సూత్రం (ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి, రోగం, భయం లేకుండా, సహజ ప్రవర్తనకు వీలుండేలా బతకడం) దీనికి కొలబద్ద. 2014లో జల్లికట్టు కేసులో మన సుప్రీంకోర్టు కూడా దాన్ని ప్రస్తావించింది. ఈ కొలబద్దతో చూస్తే, రెండేళ్లు కడుపునిండా తిని క్షణంలో చనిపోయిన దున్న జీవితం, మూడు నెలలు అర్ధాకలితో కృశించి చనిపోయిన దూడ జీవితం కన్నా మెరుగు. పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో కేంద్రం గేదెజాతి మగదూడలను కాపాడి మాంసానికి పెంచే పథకం పెట్టింది కూడా ఈ తర్కంతోనే. దూడకు మార్కెట్ ఉంటే రైతు దానికి పాలు వదులుతాడు.

అహింసావాదికి ఈ లెక్క మింగుడుపడదు. ప్రాణం తీసే హక్కు మనకు లేదని, బాధను తగ్గించడానికి ప్రాణాన్నే తీయడం ‘గోవును చంపి చెప్పులు దానం చేసినట్టు’ అని ఆ వాదన. ఈ వైపు నిలిచి గోశాలలు నడిపేవారి నిజాయితీని శంకించనక్కరలేదు. వట్టిపోయిన పశువుకు రోజూ మేత వేసి, పేడ తీసి, పుండ్లు కడిగే పని మాటలతో అయ్యేది కాదు. చిక్కల్లా పరిమాణంలో ఉంది. పాడి ఎంత పెరిగితే గోశాల అంత పెరగాలి, ఆ ఖర్చును భరించేది దాతలే తప్ప పాలు తాగేవారు కాదు. గోశాలల్లో దున్నపోతులకు చోటు దాదాపు కనబడదు.

ఈ రెండు వాదాలూ ఒకే మనిషిలో పోట్లాడిన సందర్భం గాంధీ జీవితంలో ఉంది. పాలు పిండటానికి పశువులను పెట్టే హింస గురించి తెలిసి 1912లో ఆయన పాలు మానేశారు. తరువాత జబ్బుపడినప్పుడు వ్రతం ఆవుపాలకు, గేదెపాలకే పరిమితమని సర్దిచెప్పుకుని మేకపాలు తాగడం మొదలుపెట్టి, ఆ సర్దుబాటు తనను బాధించిందని దాచకుండా రాసుకున్నారు. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయంకాని స్థితిలో అలమటిస్తున్న దూడకు వైద్యుడి చేత సూది వేయించి ప్రాణం తీయించారు. దేశం నలుమూలల నుంచి కోపంతో ఉత్తరాలు వచ్చాయి. అది కూడా అహింసేనని ఆయన వాదించారు. అయితే ఆ దూడకు బతికే ఆశ లేదు. మన కొట్టాల్లోని దున్నదూడ ఆరోగ్యంగా పుట్టినది, కాబట్టి ఆ ఉదాహరణను యథాతథంగా ఇక్కడికి తేలేము.

మూడో వాదం పాడినే ప్రశ్నిస్తుంది. జంతువు మన అవసరం కోసం పుట్టించబడే వస్తువు కాదని, మగదూడ చావు పాడిలో ప్రమాదం కాదు, నిర్మాణంలోనే ఉన్న భాగమని, కాబట్టి పాలు మానడమే నిజాయితీ అని హక్కులవాదులు, జంతువుల నుంచి వచ్చేదేదీ వాడని వీగన్లు అంటారు. తర్కంలో ఇదే అన్నిటికన్నా సూటిగా ఉంది. కానీ రెండు గేదెలతో పిల్లల చదువులు గడుపుకొచ్చే ఇంటికి, పప్పు, పెరుగు తప్ప మరో మంచి మాంసకృత్తుల మూలం లేని భోజనానికి బదులుగా ఏమివ్వగలమన్న ప్రశ్న వారి ముందు ఉంటుంది. ఆ ప్రశ్నకు రైతు ఇచ్చే జవాబు తరతరాల అనుబంధం: ‘అది మనకు పెడుతుంది, మనం దానికి పెడతాం.’ ఈ మాటలో నాకు గౌరవం ఉంది. అయితే ఆ ఒప్పందంలో దున్నదూడ వాటా ఏమిటో ఈ మాట చెప్పదు.

గుడ్ల సంగతీ ఇంతే. గుడ్లు పెట్టే జాతి కోళ్లలో పుట్టిన పుంజుపిల్లలు మాంసానికీ పనికిరావని హేచరీల్లో మొదటి రోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి నుంచి దాన్ని నిషేధించి, గుడ్డులో ఉండగానే లింగం గుర్తించే పద్ధతుల వైపు మళ్లింది.

## ఆడదూడలే పుడితే

పశువుల్లోనూ ఇప్పుడు అదే దారి తెరుచుకుంది. ఆడదూడకు కారణమయ్యే శుక్రకణంలో, మగదూడకు కారణమయ్యేదాని కన్నా డీఎన్‌ఏ సుమారు 4 శాతం ఎక్కువ. రంగు పట్టించి లేజరు కాంతిలో ఆ తేడాను గుర్తించి వేరుచేసినదే లింగ నిర్ధారిత వీర్యం. దానితో ఆడదూడ పుట్టే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ప్రభుత్వం దీన్ని ప్రోత్సహిస్తోంది. విదేశీ పేటెంట్ల ఖర్చు తగ్గించేందుకు 2024 అక్టోబరులో గౌసార్ట్ అనే దేశీయ పరిజ్ఞానాన్ని విడుదల చేశారు. చూడి కట్టే శాతం మామూలు వీర్యం కన్నా కొంత తక్కువ. మూగ ఎద ఉన్న గేదెలో వేళ తప్పితే ఖర్చు వృథా అవుతుంది, అందుకే ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను సరైన గంటకు పిలవగలిగిన రైతుకే ఇది కలిసివస్తుంది.

పుట్టించి ఎండగట్టడం కన్నా పుట్టనివ్వకపోవడం మేలని సంక్షేమవాదులు దీన్ని స్వాగతిస్తారు. అహింసావాదులకూ పెద్ద అభ్యంతరం ఉండనక్కరలేదు. ప్రాణిని యంత్రభాగంలా చూడటంలో ఇది మరో మెట్టు అని హక్కులవాదులు అంటారు. ఈ మూడు మాటల్లోనూ రాని లెక్క ఒకటుంది. రెండు గేదెలున్న ఇంట్లో పది ఈతలకు మామూలుగా అయిదు ఆడ, అయిదు మగ పుడతాయి. లింగ నిర్ధారిత వీర్యంతో తొమ్మిది ఆడ, ఒకటి మగ. దున్నదూడల కష్టం అయిదో వంతుకు తగ్గింది. కానీ ఇరవై ఏళ్ల దాకా బతకగల గేదెలు అయిదుకు బదులు తొమ్మిది పెరుగుతాయి, ఏడెనిమిది ఈతల తరువాత ఆ తొమ్మిదీ వట్టిపోతాయి. ఇవాళ మూడు నెలల దూడ గురించి అడిగిన ప్రశ్ననే అప్పుడు పన్నెండేళ్ల తల్లి గురించి, దాదాపు రెట్టింపు సంఖ్యలో అడగాల్సి వస్తుంది. వాటికి మేత ఎవరు వేయాలి, ఆ మేత ధర పాల ప్యాకెట్టు మీద కనబడాలా వద్దా అన్నది ఇంకా ఏ పథకంలోనూ రాసి లేదు.